ఆ అయిదు సెకండ్లు ఎవరి గడియారంలో?

మా మిర్యాలగూడలో రైస్‌మిల్లు ముందున్న వేబ్రిడ్జికి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. గడువు దాటిందంటే మిల్లువాడికి కేసు, జరిమానా. కిలో పాతిక రూపాయలకు అటూ ఇటూ పలికే వడ్ల కోసం ఇంత కట్టుదిట్టం. అదే వేబ్రిడ్జి పక్కనుంచి గుర్రుమంటూ పోయే కారు ఓనరు లక్ష పోసి ఇంజిన్ రీమ్యాప్ చేయించుకుంటాడు, అంటే శక్తి పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్పిస్తాడు. "235 హార్స్‌పవర్, జీరో టు హండ్రెడ్ అయిదు సెకండ్లు" అన్న కాగితం పట్టుకొచ్చి ఊరందరికీ చూపిస్తాడు. ఆ కాగితాన్ని అచ్చుకొట్టిన యంత్రానికి ముద్రా లేదు, దాన్ని అడిగే అధికారీ లేడు. అడగాలని ఓనరుకే తోచదు.

నా పని కాంటాల మరమ్మతు. బరువును పసిగట్టే లోడ్‌సెల్ పోతే మార్చడం, తూకపు రాళ్ళు పేర్చి సరిచూడడం. కార్ల పిచ్చి దీనికి అదనం. ఈ రెండూ ఒకే తలకాయలో చేరడం వల్ల వచ్చిన గొడవే ఈ వ్యాసం. చెప్పదలచుకున్నది ఒక్కటే. మాడిఫై చేసిన కారు ఎంత స్పీడు అనేది మనలాంటివాళ్ళం సరిగ్గా కొలవలేం, కొలవాల్సిన పనీ లేదు. చేయించిన పని వల్ల ఎంత మారింది అనేది మాత్రం కొలవగలం. దానికి 200 స్పీడు అక్కర్లేదు, అర్ధరాత్రి ఖాళీ హైవే అంతకన్నా అక్కర్లేదు.

ముందు వీడియోల సంగతి చూద్దాం. ఫోన్ స్టీరింగు దగ్గర పట్టుకుని, స్పీడోమీటరు ముల్లు సున్నా నుంచి వంద దాకా లేచేది తీసి, కింద స్టాప్‌వాచ్ అతికించి పెడతారు. ఇందులో మొదటి తప్పు స్పీడోమీటరే. అది నిజం చెప్పే పరికరం కాదు, ఎక్కువ చెప్పినా పరవాలేదని నియమమే ఉంది. ఐక్యరాజ్య సమితి 39వ నంబరు వాహన నియమం ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు. ఎక్కువ మాత్రం చూపించొచ్చు: అసలు వేగంలో పదో వంతు, దాని మీద ఇంకో 4 కిలోమీటర్లు. అంటే బండి 80లో పోతుంటే ముల్లు 92 దాకా చూపినా చెల్లుతుంది. కంపెనీలు అంత దూరం పోవు గానీ, మూడు నుంచి అయిదు శాతం ఎక్కువ చూపడం మామూలు. మీటర్లో వంద అయినప్పుడు బండి నిజానికి 95లో ఉందనుకోండి. మిగిలిన ఆ 5 కిలోమీటర్లు అందుకోవడానికి, బాగా లాగే బండికి కూడా 0.4 సెకండ్లు పడుతుంది. అయిదు సెకండ్ల లెక్కలో ఇది చిన్న మొత్తం కాదు.

రెండో తప్పు టైర్లది. 205/55 ఆర్16 టైరు వ్యాసం దాదాపు 632 మిల్లీమీటర్లు. అందం కోసం 17 అంగుళాల అల్లాయ్ వేసి 205/45 టైరు తొడిగితే వ్యాసం 616కి పడిపోతుంది. చక్రం చిన్నదైంది కాబట్టి అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరు ఇంకో రెండున్నర శాతం ఎక్కువ చదువుతుంది. ఓనరు మాత్రం "టైర్లు మార్చినంక బండి ఇంకా లాగుతుంది అన్నా" అంటాడు. కొంచెం లాగుతుంది కూడా, గేరింగు పొట్టిదైంది కదా. మిగతాది మీటరు మాయ. కొత్త టైరుకూ అరిగిన టైరుకూ మధ్యనే దగ్గర దగ్గర రెండు శాతం తేడా వస్తుందంటే చూసుకోండి.

కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ సాకెట్‌లో డాంగిల్ గుచ్చి యాప్‌లో చూసుకునేవాళ్ళు తమది శాస్త్రీయమైన పద్ధతి అనుకుంటారు. ఆ యాప్‌కు వచ్చేది కూడా చక్రాల సెన్సర్ల లెక్కే. ముందు చక్రాలు లాగే కారుకు రీమ్యాప్ చేసి, గచ్చు మీద సన్నటి ఇసుక ఉన్నచోట కాలు మొత్తం తొక్కితే చక్రాలు గిర్రున తిరుగుతాయి. కారు ఇంకా 30లో ఉండగానే యాప్‌లో 60 పడుతుంది. గ్రిప్పు పోవడమే రికార్డు అయిందన్నమాట. ఇలాంటి స్క్రీన్‌షాట్లు చూసి పందేలు కాసినవాళ్ళు నాకు తెలుసు.

ఇక్కడ తరుగు గురించి చెప్పాలి. కాంటా దగ్గర రైతుకూ మిల్లువాడికీ జగడమంతా తరుగు మీదే. తేమ ఉంది, తాలు ఉంది అని బస్తాకు ఇంతని కోస్తారు. కార్ల లోకంలోనూ అచ్చం అలాంటి కోత ఒకటుంది, దాన్ని రోలౌట్ అంటారు. అమెరికా డ్రాగ్ స్ట్రిప్‌లో, అంటే తిన్నగా పరుగు తీసే పందెపు దారిలో, ముందు టైరు ఒక కాంతి కిరణాన్ని అడ్డుకుని నిలబడుతుంది. టైరు దాదాపు ఒక అడుగు దొర్లి ఆ కిరణం మళ్ళీ తెరుచుకున్నాకే గడియారం మొదలవుతుంది. అక్కడి పత్రికలు ఈ అలవాటును జీరో టు సిక్స్టీ లెక్కలోకి కూడా తెచ్చుకున్నాయి, మొదటి అడుగుకు పట్టిన సమయాన్ని తీసేస్తాయి. అడుగంటే 30 సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. సెకండుకు సెకండుకు 5 మీటర్ల వేగం పుంజుకునే బండికి ఆ అడుగు దాటడానికి 0.35 సెకండు పడుతుంది. అప్పటికే బండి 6 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. అంటే అది సున్నా నుంచి కాదు, ఆరు నుంచి. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌కు ప్రకటించిన 1.99 సెకండ్ల కింద మొదటి అడుగు తీసేశామని కంపెనీయే చిన్న అక్షరాల్లో రాసింది. పైగా వాళ్ళ 60 మైళ్ళు మన 96.6 కిలోమీటర్లే, వంద కాదు. ఆ అంకెను మన కుర్రాళ్ళు అట్లాగే ఎత్తుకొచ్చి ఇక్కడి వందతో పోల్చుతారు. తరుగు కోసిన తూకాన్ని కోయని తూకంతో పోల్చితే మా మార్కెట్ యార్డులో రైతులు ఊరుకోరు.

జీపీఎస్ పెట్టె కొనుక్కున్నవాళ్ళు వీళ్ళకన్నా నయం. డ్రాగీ, రేస్‌లాజిక్ వాళ్ళ వీబాక్స్ లాంటివి ఉపగ్రహ సంకేతాల్లో వచ్చే డాప్లర్ మార్పును (కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే తేడాను) బట్టి వేగాన్ని నేరుగా లెక్కగడతాయి. టైరు సైజుతో, వీల్ స్పిన్‌తో వాటికి పని లేదు. ఫోన్లో ఉండే జీపీఎస్ మామూలుగా సెకండుకు ఒక్కసారే రీడింగ్ ఇస్తుంది. ఆరు సెకండ్లలో వంద కొట్టే కారు ఒక్క సెకండులో సగటున 16, 17 కిలోమీటర్ల వేగం పుంజుకుంటుంది. ఆ రెండు రీడింగుల మధ్య ఏం జరిగిందో ఫోను ఊహించి చెప్పాల్సిందే. సెకండుకు పదిసార్లు చదివే పెట్టెలో ఆ ఖాళీ 1.7 కిలోమీటర్లకు తగ్గుతుంది. ఖరీదైన వీబాక్స్‌లు సెకండుకు వందసార్లు చదువుతాయి. అయితే ఈ పెట్టెల్లోనూ రోలౌట్ మీట ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నది ఏ పోస్టులోనూ కనిపించదు.

పెద్ద పెద్దవాళ్ళే ఇక్కడ బోల్తా పడ్డారు. 2020 అక్టోబర్‌లో అమెరికాలోని ఎస్ఎస్సీ కంపెనీ తమ టువటారా కారు నెవాడాలో మూసేసిన రోడ్డు మీద రెండు దిక్కుల సగటున గంటకు 508.73 కిలోమీటర్లు పోయిందని ప్రకటించింది. ఒక దిక్కున ఏకంగా 532. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. తర్వాత కొందరు యూట్యూబర్లు వీడియోను ఆపి ఆపి చూశారు. రోడ్డు పక్కన గుర్తులున్నాయి. వాటి మధ్య దూరం మ్యాపులో దొరుకుతుంది, దాటడానికి పట్టిన సమయం వీడియోలోనే ఉంది. భాగించి చూస్తే స్క్రీన్ మీద పడుతున్న అంకెతో ఎక్కడా కలవలేదు. అదే రోడ్డు మీద 2017 నవంబర్‌లో కోనిగ్‌సెగ్ అగేరా ఆర్ఎస్ రెండు దిక్కుల సగటున 447 కిలోమీటర్లు పోయింది. ఆ వీడియోను పక్కన పెట్టి నడిపిస్తే ఈ కొత్త రికార్డు కారు దాన్ని దాటిపోవడం లేదు. కొలిచే పరికరం తయారుచేసిన కంపెనీ, ఆ డేటాను మేం ధ్రువీకరించలేదని చేతులు దులుపుకుంది. 2021 జనవరిలో ఫ్లారిడాలో మళ్ళీ నడిపితే వచ్చిన సగటు 455.3. అదే ఏడాది జూలైలో ఎస్ఎస్సీ అసలు విషయం ఒప్పుకుంది, మొదటిసారి ఆ వేగం అందలేదని.

నాకు ఈ కథలో నచ్చింది మోసం బయటపడడం కాదు. ఎంత మామూలు పనిముట్టుతో బయటపడిందో చూడండి. దూరం, కాలం. ఇది మన పాత లారీ డ్రైవర్లకు తెలిసిన విద్యే. కిలోమీటరు రాయి నుంచి కిలోమీటరు రాయికి 45 సెకండ్లు పడితే వేగం 80, 36 పడితే 100. జాతీయ రహదారి మీద 200 మీటర్లకో చిన్న రాయి కూడా ఉంటుంది, 2, 4, 6, 8 అంకెలతో. మీటర్లో 80 నిలకడగా పట్టుకుని, పక్క సీటులో ఉన్నవాళ్ళతో వాచీ చూపించండి. 47 సెకండ్లు పట్టిందా, మీ అసలు వేగం 76 నుంచి 77. వేలు నొక్కడంలో పావు సెకండు అటూ ఇటూ అయినా 47లో అదెంత. జేబులోంచి పైసా పోకుండా మీ స్పీడోమీటరు ఎంత అబద్ధమాడుతోందో తేలిపోతుంది.

టువటారా కథలోంచి తీసుకోవాల్సింది ఇంకోటుంది, రెండు దిక్కులు. ప్రపంచ భూవేగ రికార్డుకు ఒకే దారిలో ఎదురెదురు దిక్కుల్లో, గంట లోపల రెండుసార్లు పరుగు తీసి సగటు చూపించాలి. 1997 అక్టోబర్ 15న ఆండీ గ్రీన్ నడిపిన జెట్ కారు థ్రస్ట్ ఎస్ఎస్సీ (పై కంపెనీతో దీనికి సంబంధం లేదు) 1,227.985 కిలోమీటర్లతో రికార్డు పెట్టింది ఈ లెక్కలోనే. 2019లో బుగాటి షిరాన్ 490 దాటినా అది ఒక దిక్కు పరుగే. అందుకే దాని ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆ ముక్క వెంట వస్తుంది. మనకెందుకు ఈ నియమం అంటారా? మన రోడ్లు చూడండి. జడ్చర్ల దాటి భూత్పూర్ వైపు 44వ నంబరు హైవే మీద పోతుంటే కంటికి బల్లపరుపుగా కనిపిస్తుంది. పాలమూరు నేల అట్లా ఉండదు, మెల్లగా లేస్తూ మెల్లగా దిగుతూ ఉంటుంది. వంద మీటర్లకు ఒక మీటరు దిగే వాలు కంటికి ఆనదు. అది కారుకు సెకండుకు సెకండుకు దాదాపు 0.1 మీటరు పుణ్యానికి ఇస్తుంది. ఆరు సెకండ్లలో వంద అందుకునే కారుకు దీనివల్ల 0.13 సెకండు కలిసొస్తుంది. 100 నుంచి 200 అందుకోవడానికి 14 సెకండ్లు తీసుకునే కారుకైతే 0.7 సెకండు. వేగం పెరిగేకొద్దీ బండి దగ్గర మిగిలే లాగుడు తక్కువ, అందుకని అదే వాలు అక్కడ ఎక్కువ ఉపకారం చేస్తుంది. గాలి సంగతీ అంతే. వెనకనుంచి 15 కిలోమీటర్ల గాలి తోస్తే ఒక అంకె, ఎదురొస్తే ఇంకో అంకె. రెండు దిక్కులూ తీస్తే వాలు దాదాపు కొట్టుకుపోతుంది, గాలి చాలావరకు కొట్టుకుపోతుంది.

కొట్టుకుపోనిది ఎండ. నల్లగొండ ఎండలు తెలిసినవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. డిసెంబర్ తెల్లవారుజామున 15 డిగ్రీలు, మే మధ్యాహ్నం 45 డిగ్రీలు. ఈ రెంటి మధ్య గాలి సాంద్రత దాదాపు పది శాతం పడిపోతుంది. టర్బో, అంటే గాలిని నొక్కి లోపలికి తోసే పంపు, లేని ఇంజిన్‌కు ఆ పది శాతం నేరుగా శక్తిలోంచి పోతుంది. టర్బో ఉన్నది బూస్ట్ (ఆ నొక్కుడు) పెంచుకుని కొంత నిలదొక్కుకుంటుంది, కానీ ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ కాగిపోయి ఇంజిన్‌లోకి వేడిగాలి పోతే, పెట్రోలు అదుపు తప్పి మండే నాకింగ్ భయంతో ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) తనంతట తానే ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగి శక్తి తగ్గిస్తుంది. ఎండాకాలంలో పాత మ్యాప్‌తో కొలిచి, రీమ్యాప్ చేయించాక చలికాలంలో కొలిచి "చూసిన్రా తేడా" అనేవాడి లెక్కలో సగం తేడా వాతావరణ శాఖది. పెట్రోలు కూడా అంతే. ఒకసారి మామూలు పెట్రోలు, ఇంకోసారి ఎక్కువ ఆక్టేన్ ఉండే ఎక్స్‌పీ95 పోసి పోల్చితే, పోల్చింది ఏ రెంటినో ఓనరుకే తెలియదు.

ఇప్పుడు ఆ 235 కాగితం. దాన్ని అచ్చుకొట్టే యంత్రాన్ని డైనో అంటారు. దాని మీద కారు చక్రాలు రోలర్లను తిప్పుతాయి, యంత్రం కొలిచేది చక్రాల దగ్గర శక్తి. కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉండేది మాత్రం ఇంజిన్ శక్తి. ఈ రెంటి మధ్య గేర్‌బాక్స్, డ్రైవ్‌షాఫ్ట్ నష్టం ఇంత అని ఒక శాతం వేస్తారు. చక్రాల దగ్గర 200 వచ్చిందనుకోండి. నష్టం 12 శాతం అంటే ఇంజిన్‌కు 227. 15 శాతం అంటే 235. 20 అంటే 250. కారు అదే, పరుగు అదే, శాతం ఎంత వేయాలన్నది షాపువాడి చేతిలో ఉంది. ఆ 200 కూడా కొలిచిన 200 కాకపోవచ్చు. గాలి వేడి, పీడనాన్ని బట్టి ప్రామాణిక పరిస్థితులకు సవరించే గుణకం ఒకటుంది. ఎస్ఏఈ జే1349 అనే ప్రమాణం 25 డిగ్రీలకు సవరిస్తుంది, పాత జర్మన్ డిన్ ప్రమాణం 20 డిగ్రీలకు, ఇంకో పాత అమెరికన్ పద్ధతి 15.5 డిగ్రీలకు. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉండే మన దక్కన్‌లో వేసవి మధ్యాహ్నం ఈ గుణకం దాదాపు పది శాతం కలుపుతుంది. టర్బో లేని ఇంజిన్‌కు అది న్యాయమే. బూస్ట్‌ను తానే సరిచేసుకునే టర్బో ఇంజిన్‌కు కూడా ఆ పది శాతం మొత్తం కలిపితే పోయినదానికన్నా ఎక్కువ తిరిగిచ్చినట్టు. మంచి షాపువాళ్ళు ఏ సవరణ వాడారో కాగితం మూలన వేస్తారు, సవరించని గ్రాఫ్ కూడా అడిగితే ఇస్తారు. అడిగేవాళ్ళే తక్కువ.

డైనో పనికిరాదని కాదు నేనంటున్నది. ఒకే డైనో, ఒకే రోజు, ఒకే సవరణ, ముందూ వెనకా. అప్పుడది బంగారం లాంటి పరికరం. మామూలుగా జరిగేదేమిటంటే, ముందు పరుగు ఉండదు. కంపెనీ బ్రోచర్లో ఉన్న 180ని "ముందు"గా పెట్టుకుని, డైనోలో వచ్చిన 235ని "తర్వాత"గా పెట్టుకుంటారు. ఒక కాంటా తూకంలోంచి వేరే కాంటా తూకం తీసేసి తరుగు తేల్చినట్టుంది ఇది.

మా బావమరిది స్కోడా ఆక్టేవియా 1.8కు స్టేజ్ 1, అంటే విడిభాగాలు మార్చకుండా చేసే రీమ్యాప్, చేయిస్తానన్నప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే, చేయించే ముందు కొలవాలి. ముందుగా బండిని నేను మరమ్మతు చూసే ఒక మిల్లు వేబ్రిడ్జి మీదికి ఎక్కించాం. అరవై టన్నుల కాంటా మీద కారు ఎక్కితే క్యాబిన్లో ఉన్న గుమాస్తాకు నవ్వు. ఎర్ర అంకెలు కాసేపు 1,440కీ 1,460కీ మధ్య ఊగి 1,450 దగ్గర నిలబడ్డాయి. బావమరిదిని దిగమన్నాను, 1,380. "బావా, నేను 70 కిలోలున్ననా!" అని వాడి బాధ వాడిది. వెనక వడ్ల లారీవాడు హారన్ మీద హారన్. ఆ కాంటా మెట్టు 10 కిలోలు, కాబట్టి అటూ ఇటూ పది తప్పొచ్చు. 1,450లో పది కిలోలు ఒక శాతం కూడా కాదు, మన పనికి చాలు. బరువెందుకంటే, అది తెలిస్తే శక్తిని ఎవరినీ అడగక్కర్లేదు. వేగం పెంచడానికి ఎంత శక్తి ఖర్చయిందో బడిలో చదివిన భౌతికశాస్త్రమే చెబుతుంది. బరువులో సగాన్ని, రెండు వేగాల (సెకండుకు మీటర్లలో) వర్గాల తేడాతో గుణించడమే.

60 నుంచి 100 దాకా తీసుకుందాం. నాలుగు వరుసల డివైడర్ రోడ్డు మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి 100, కాబట్టి ఇది చట్టం లోపలే. బోర్డు 80 ఉన్నచోట 40 నుంచి 80 తీసుకోవచ్చు. ఒకే గేరు, నాలుగోది. డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) అయితే మాన్యువల్‌లో పెట్టాలి, యాక్సిలరేటర్ చివర క్లిక్‌మనే చోటు దాకా తొక్కకూడదు, తొక్కితే అదే కింది గేరుకు దూకుతుంది. సున్నా నుంచి ఎత్తుకోవడం లేదు కాబట్టి వీల్ స్పిన్ లేదు, లాంచ్ కంట్రోల్ లేదు, రోలౌట్ లేదు, కాలి పనితనం లేదు. 1,450 కిలోల బండికి 60 నుంచి 100 పోవడానికి కావలసింది 358 కిలోజౌళ్ళు. రీమ్యాప్‌కు ముందు మా బండి 5.1 సెకండ్లలో పోయింది, అంటే సగటున 70 కిలోవాట్లు. దానికి గాలినీ టైర్ల రాపిడినీ నెట్టడానికి ఇంకో 8 కిలోవాట్లు కలిపితే 78, అంటే చక్రాల దగ్గర 106 హార్స్‌పవర్. 180 కారుకు 106 ఏంటంటారా? ఆ గేరులో ఆ వేగాల్లో ఇంజిన్ నిమిషానికి నాలుగు వేల చుట్లు దాటి ఎక్కువ పోదు, అది గరిష్ఠ శక్తి కాదు, మధ్య రేంజి సగటు. రోజూ ఓవర్‌టేక్ చేసేది ఆ రేంజిలోనే. రీమ్యాప్ ఎక్కువగా పెంచేదీ అక్కడి టార్కునే, అంటే తిప్పే బలాన్నే.

రీమ్యాప్ చేయించాక అదే రోడ్డు, నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డులో మేం ముందు కొలిచిన ముక్కే, అదే ఉదయపు వేళ, అంతే పెట్రోలు, అదే టైర్ల గాలి. రెండు దిక్కుల సగటు 4.1 సెకండ్లు. లెక్క వేస్తే 129 హార్స్‌పవర్. అంటే 22 శాతం పెరిగింది. కాగితం ప్రకారం 180 నుంచి 235, దాదాపు 31 శాతం. బావమరిది మొహం కొంచెం వాడింది. నాకైతే ఆ 22 శాతం చాలా మంచి ఫలితం అనిపించింది. ఎందుకంటే అది మా బండిది, మా రోడ్డుది, మేం మళ్ళీ కొలిచి చూపించగలిగింది. ఆ 31 ఎక్కడిదో ఎవరూ చూపించలేరు. వాడు ఇప్పటికీ దోస్తులకు 235 అనే చెబుతాడు, అది వేరే సంగతి.

"అంత నెమ్మదిగా కొలిస్తే ఏం మజా అన్నా, హండ్రెడ్ టు టూ హండ్రెడ్ కొడితేనే గదా అసలు బండి తెలిసేది" అని అడుగుతారు. లెక్క ప్రకారం వాళ్ళన్నది నిజమే. ఎత్తుకోవడంలో పనితనం, టైర్ల పట్టు సున్నా నుంచి వందను పాడుచేస్తాయి, 100 నుంచి 200 మాత్రం శక్తిని నిక్కచ్చిగా చూపిస్తుంది. క్వార్టర్ మైలులోనూ అంతే, 402 మీటర్లు దాటడానికి పట్టిన సమయం ఎత్తుకోవడాన్ని చెబుతుంది, చివరి 20 మీటర్ల సగటు వేగం ఇంజిన్‌ను చెబుతుంది. శక్తి 30 శాతం పెరిగితే ఆ చివరి వేగం పెరిగేది 9 శాతమే. ఈ చిన్న సంగతి తెలిస్తే చాలా గొప్పలు అక్కడే ఆగిపోతాయి. కానీ 100 నుంచి 200 కొలవడానికి 14 సెకండ్లు తీసుకునే కారుకు ఆ ముక్కకే 600 మీటర్ల రోడ్డు కావాలి. 200లో ఉన్న కారు సెకండుకు 55 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడేలోపు ఒక సెకండు, ఆ తర్వాత గట్టిగా పట్టినా ఆగడానికి 190 మీటర్లు పైన. మొత్తం పావు కిలోమీటరు.

మా జిల్లాలో యాసంగి కోతలప్పుడు రోడ్డు చూసినవాళ్ళకు ఈ పావు కిలోమీటరు అంటే ఏంటో అర్థమవుతుంది. కల్లాలు చాలక రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. ఒక వరుస మొత్తం వడ్లే, అంచున బండరాళ్ళు వరసగా పేరుస్తారు, రాత్రయితే కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పుతారు. నల్ల రోడ్డు మీద నల్ల టార్పాలిన్. లో బీమ్ వెలుగు యాభై అరవై మీటర్లు. కుప్ప పక్కనే మంచమేసుకుని రైతు కాపలా పడుకుంటాడు. వడ్లు రోడ్డు మీద పోయొద్దని చెప్పడం సులువు, కల్లం కట్టివ్వడం కష్టం, కాబట్టి అవి అక్కడే ఉంటాయి. అటువంటి రోడ్డు మీద అర్ధరాత్రి జీపీఎస్ పెట్టె అతికించుకుని 200 కొట్టేవాడు కొలుస్తున్నదేంటో నాకు తెలియదు. చట్టం సంగతి తర్వాత, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 రోడ్డు మీద పందేన్ని నేరమే అంటుంది. బండిని తయారీదారు వివరాలకు భిన్నంగా మార్చడం మీద సెక్షన్ 52 ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిగానే చెప్పింది. రీమ్యాప్ కంటికి కనబడదు గనక బతికిపోతోంది, ప్రమాదమైతే బీమావాళ్ళు దాన్ని వెతకరనుకోవడం మాత్రం అమాయకత్వం.

పైవేగం నిజంగా తెలుసుకోవాలంటే చోటు లేక కాదు. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో నాట్రాక్స్ ఉంది, 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్, 2021 జూన్‌లో తెరిచారు. పినిన్‌ఫరీనా బటిస్టా 358 కిలోమీటర్ల వేగం అందుకుంది దాని మీదే. అది మనలాంటివాళ్ళం శనివారం పొద్దున పోయి వచ్చే చోటు కాదని తెలుసు. 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ కోసం హుస్సేన్‌సాగర్ ఒడ్డున రోడ్లు మూసి రేసు నడిపించగలిగిన రాష్ట్రం, ఏడాదికోసారి ఒక నున్నటి కిలోమీటరు ముక్కను అంబులెన్సు, అగ్నిమాపక బండి పెట్టి, రుసుము తీసుకుని కొలుచుకోనిస్తే సగం మంది కుర్రాళ్ళు రాత్రిపూట హైవే ఎక్కరని నా నమ్మకం. ఆ రోజు గడియారానికి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయిస్తే ఇంకా సంతోషం, వేయడానికి మనుషుల్ని నేను పిలుచుకొస్తా.

అందాకా ఎవరైనా బండికి పని చేయిస్తానని నా దగ్గరికి వస్తే నేనడిగేవి కొన్నే. చేయించక ముందు ఏ గేరులో, ఏ వేగం నుంచి ఏ వేగానికి, రెండు దిక్కులా ఎంత పట్టింది? ఆ ఉదయం ఎన్ని డిగ్రీలు? ట్యాంకులో ఏ పెట్రోలు? బండి మనిషితో సహా ఎన్ని కిలోలు? ఇవి ఒక చిన్న కాగితం మీద రాసి డాష్‌బోర్డులో పెట్టుకోమంటాను. షాపుకు పోయినప్పుడు ఆ కాగితం బల్ల మీద పెట్టి, పని అయ్యాక ఇదే పద్ధతిలో కొలిచి మిగతా డబ్బు ఇస్తానని చెప్పాలి. కొందరు షాపువాళ్ళు ముఖం చిట్లిస్తారు. ఒకాయన మాత్రం కాగితం తిప్పి చూసి, నాలుగో గేరు కాదు, మా మ్యాప్ మూడో గేరులో 3,500 పైన చూడు, అక్కడ తేడా ఎక్కువ తెలుస్తుందన్నాడు. మా బావమరిది తర్వాతి పనికి ఆయన దగ్గరికే పోతున్నాడు, ముందు మూడో గేరులో కొలుచుకున్నాక.